బెక్తూర్ కాలితాడు ఎవరు కోయాలి

కారాజిల్గా అనే కొండ ఊళ్ళో ఒక బిడ్డ తప్పటడుగులు వేశాడంటే ఊరంతటికీ విందు ఉన్నట్టే. నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ కలిపి పేనిన తాడుతో బిడ్డ రెండు కాళ్ళూ కలిపి కడతారు, మేతకి వదిలిన గుర్రానికి ముందుకాళ్ళు బంధించినట్టు. పిల్లలు పరుగుపందెం పెట్టుకుని కత్తి తెస్తారు. ఊళ్ళో గౌరవం ఉన్న మనిషి ఎవరో దాన్ని అందుకుని తాడు కోస్తారు. కోసిన మనిషి నడక, నోరు, బుద్ధి బిడ్డకి వస్తాయి. ఇది నమ్మకం కాదు, అక్కడివాళ్ళకి కళ్ళెదుట జరిగే సంగతి. అందుకే సోమరిపోతుల చేతికీ గొర్రెల దొంగల చేతికీ ఆ కత్తి ఎవరూ ఇవ్వరు.

ఏళ్ళ తరబడి ఆ కత్తి సాయ్రకాన్ టీచరమ్మ చేతికే వెళ్ళింది. సంతకం రాక వేలిముద్ర వేసేవాళ్ళు సైతం తమ బిడ్డ మాత్రం చదువుల సరస్వతి కావాలని ఆవిడనే పిలిచేవారు. అలా విడిపించిన కాళ్ళలో పట్నం దాకా వెళ్ళి డాక్టర్లూ ఇంజనీర్లూ అయినవి ఎన్నో ఊరికి తెలియదు గాని, పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకుండా ఉండే పిల్లలు మాత్రం ఆ ఊళ్ళో ఒక్కరూ లేరు.

సాయ్రకాన్ పొట్టి మనిషి. చచ్చిపోయిన మొగుడి రబ్బరు బూట్లు వేసుకుని టపటపమంటూ బడికి వెళ్ళేది. పెన్షన్ వయసు ఎప్పుడో దాటింది. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. లెక్కలు మాత్రం అంతంతమాత్రం. పెద్ద భాగహారం వస్తే చురుకైన పిల్లని ఎవరినో లేపి, "నువ్వు చెయ్యి, నేను చూస్తా" అని కిటికీవైపు తిరిగేది. ఆ పిల్ల ఎలా చేస్తే అదే రైటు. కానీ ఏ పిల్లాడు రాత్రి తిండి తినకుండా పడుకున్నాడో, ఏ పిల్ల తల్లి పుట్టింటికి అలిగి వెళ్ళిందో, ఎవడి తండ్రి తాగి గుర్రం మీంచి పడ్డాడో, పొద్దున్న తలుపు దగ్గర మొహాలు చూసే చెప్పేసేది. చెప్పి ఊరుకుంటే బాగుండేది. మధ్యాహ్నం ఆ తండ్రి ఇంటికే వెళ్ళి వాకిట్లో నిలబడి, పొరుగువాళ్ళు వినేలా అడిగేది. ఊళ్ళో ఆవిడని గౌరవించనివాళ్ళు లేరు. ఆవిడ వస్తోందంటే వెనక గుమ్మంలోంచి జారుకోనివాళ్ళూ లేరు.

అలాంటి ఊరికి మంచు పడటానికి ముందు ఒక మర వచ్చింది.

మనిషంత ఎత్తు తెర, కింద నాలుగు చక్రాలు. తెరలో ఎర్రంచు జాకెట్ వేసుకున్న చక్కని ఆడమనిషి. కనుబొమ్మలు దిద్దుకుని, పళ్ళు తోముకుని, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. దాన్ని వెంటబెట్టుకొచ్చినవాడు జిల్లా విద్యా ఆఫీసు కుర్రాడు ఎర్మెక్. ముక్కుతేలిన బూట్లు వేసుకున్నాడు. బడి వాకిట్లో ఆవుపేడలో అవి ముక్కుదాకా దిగబడ్డాయి.

"ఇది అలసిపోదు. కోప్పడదు. సెలవు అడగదు. దేశంలో ఉన్న పాఠాలన్నీ దీనికి వచ్చు" అన్నాడు బూటు గోడకేసి రాస్తూ.

"చలి వేస్తుందా?" అంది సాయ్రకాన్.

"వెయ్యదమ్మా."

"ఆకలి?"

"వెయ్యదు."

"సిగ్గు?"

కుర్రాడు నవ్వాలో మానాలో తెలియక హెడ్మాస్టరు తాబిల్దీ వైపు చూశాడు. తాబిల్దీ కొత్తది ఏది వచ్చినా చప్పట్లు కొట్టే మనిషి కనక చప్పట్లు కొట్టాడు.

ఏర్పాటు ఇదీ. మర పాఠం చెబుతుంది. సాయ్రకాన్ పొద్దున్నే దాని మీట నొక్కాలి, సాయంత్రం కట్టెయ్యాలి, మధ్యలో గుడ్డతో దుమ్ము తుడవాలి. ఊరి పెద్దలు బాగుందంటే చాలు, ఆ తుడిచే పని బడి ఊడ్చే అమ్మాయికి అప్పగించి టీచరమ్మకి విశ్రాంతి ఇచ్చేస్తారు. విశ్రాంతి అన్న మాట ఎర్మెక్ ఎంతో మర్యాదగా అన్నాడు, చనిపోయినవాళ్ళ గురించి అన్నట్టు.

సాయ్రకాన్‌కి తిండికి లోటు లేదు. ఆవిడ భయం వేరు. ఇంట్లో ఉన్నది ఒక పిల్లి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క పిల్లిని ఎంతసేపని తిడతాం?

మర పాఠం మొదలుపెట్టింది. పిల్లలు దానికి తెరక్క అని పేరు పెట్టారు. మొదటిరోజే తెరక్క ఒక పిల్లని అడిగింది, "ఏడు ఎనిమిదులు ఎంత?"

"యాభై నాలుగు!"

"ఎంత బాగా ప్రయత్నించావు! మళ్ళీ ఒకసారి చూద్దామా, బంగారం?" అంటూ తెరలో మంచుచిరుత పిల్ల ఒకటి డప్పు వాయిస్తూ గంతులేసింది.

మూల కుర్చీలో గుడ్డ పట్టుకుని కూర్చున్న సాయ్రకాన్‌కి నోట్లో మాట పళ్ళకి కొట్టుకుంది. యాభై నాలుగు చెప్పిన పిల్లని బంగారం అన్నవాళ్ళని ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. రైటు చెబితే ఒక్క గంట మోగి ఊరుకుంటుందనీ, తప్పు చెబితేనే చిరుతపిల్ల గంతులేస్తుందనీ పిల్లలు మధ్యాహ్నానికల్లా కనిపెట్టారు. ఆ తరవాత క్లాసులో ఒక్కరికీ ఒక్క ఎక్కం రాలేదు. తప్పులు చెప్పడానికి పోటీలు పడ్డారు. పిల్లలు మందబుద్ధులని ఎవరంటారు?

తల్లిదండ్రులకి మాత్రం మర మీద అంతులేని ప్రేమ పుట్టింది. రోజూ సాయంత్రం అది ప్రతి ఇంటి ఫోనుకీ కబురు పెడుతుంది: 'మీ బిడ్డ ఈరోజు అద్భుతంగా రాణించింది.' సాయ్రకాన్ తన జన్మలో అలాంటి కబురు పెట్టలేదు. ఆవిడ పెట్టే కబుర్లు 'నీ కొడుకు తలలో పేలు ఇంకో ముగ్గురికి పంచాడు' లాంటివి. మర ఎవరి వాకిట్లోనూ నిలబడదు. ఎవడు తాగాడో దానికి అక్కర్లేదు. ఎవరి సంగతీ తెలియని మనిషికి అందరూ మంచివాళ్ళే కదా. మొగవాళ్ళు ఛాతీలు విరుచుకుని తిరిగారు. ఎసెన్‌కుల్ చిన్న కూతురు గవదబిళ్ళలతో మంచం మీద ఉండగా, ఆ పిల్ల క్లాసులో అందరికీ ఆదర్శంగా నిలిచిందని కబురొచ్చింది. ఎసెన్‌కుల్ దాన్ని పదిమందికీ చూపించి, "పడుకునే ఇంత చేసిందంటే, లేస్తే ఏమవుతుందో!" అన్నాడు.

ఈ ఎసెన్‌కుల్ మందల మీద మందలున్న ఆసామి. తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. సాయ్రకాన్ దగ్గరే చదువుకున్నాడు, ఆ మాట అనడానికి వీలుంటే. గడ్డం నెరిసినా ఆవిడకి ఇప్పటికీ వాడు మూడో బెంచీలో ముక్కు తుడుచుకునే కుర్రాడే. వాడి పెద్దకొడుకు కాలితాడు ఆవిడే కోసింది. ఆ కొడుకు ఇప్పుడు పెళ్ళయి, తండ్రి ఒక మాటంటే పది మాటలంటున్నాడు. అది ఆ కత్తి మహిమేనని ఎసెన్‌కుల్ ఏళ్ళుగా లోలోపల కుళ్ళుతున్నాడు. ఇప్పుడు ఆ కొడుకుకి పుట్టిన బెక్తూర్ అడుగులు వేస్తున్నాడు.

విందు పిలుపు చెప్పడానికి ఎసెన్‌కుల్ స్వయంగా వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, గుమ్మంలోకి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"టీచరక్కా, శుక్రవారం మనవడి తాడుకోత. మీరు తప్పకుండా రావాలి."

"కత్తికి పదును పెట్టుకుంటాలే. లోపలికి రా, టీ తాగు."

"అదే టీచరక్కా... కత్తి సంగతి మీరు శ్రమ పడొద్దని... ఈసారి తెరక్కచేత కోయిద్దామని."

సాయ్రకాన్ చేతిలో టీ గిన్నె అలాగే ఉంది. "దేనిచేత?"

"చదువంతా దాని దగ్గరే ఉందంటున్నారు కదండీ. పైగా నెమ్మదైన మనిషి. ఒక్క పరుషమైన మాట రాదు నోట. మా పెద్దాడి విషయం మీకు తెలిసిందే..."

"దానికి చేతులేవిరా?"

"చక్రానికి కత్తి కట్టిస్తా."

"బాగుంది. తలలో ఏం కట్టించుకున్నావు?"

ఎసెన్‌కుల్ నేల చూస్తూ అసలు మాట బయటపెట్టాడు. విందుకి ఎర్మెక్ వస్తున్నాడు. ఊరి పెద్దలంతా అక్కడే ఉంటారు. బడికి ఆ మర ఒక్కటే చాలని అక్కడే అందరూ ఒక మాటగా చెప్పేస్తారు. "మీరూ ఎంతకాలం కష్టపడతారు చెప్పండి" అని టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సాయ్రకాన్ ఆ టీ పిల్లి గిన్నెలో పోసింది. పిల్లి తాగలేదు, దానికీ తిట్లు పడ్డాయి.

శుక్రవారం ఎసెన్‌కుల్ ఇంటిముందు మైదానంలో పొయ్యిలు రాజుకున్నాయి. రాకూడదనుకున్న సాయ్రకాన్ అందరికన్నా ముందు వచ్చింది. రాకపోతే ఏం జరిగిందో పొరుగువాళ్ళు చెప్పగా వినాలి, అది ఆవిడకి సరిపడదు. ఆడవాళ్ళు బూరెల్లా పొంగిన పిండిముక్కలు నూనెలోంచి తీస్తున్నారు. మరని లారీలో నిలబెట్టి, తాళ్ళతో కట్టి, ఎదుర్కోలు సంబరంలా తెచ్చారు. పెద్ద కంబళి పరిచి గౌరవస్థానంలో దాన్ని నిలబెట్టారు. ఎసెన్‌కుల్ పెళ్ళాం బురుల్ దాని భుజాలనుకున్న చోట పూల శాలువా కప్పింది. అతిథుల్లో పెద్దది కనక దాని ముందు తుంటిఎముక మాంసం పళ్ళెంలో పెట్టారు. పక్కన జనరేటర్ దగ్గుతోంది. తెరక్క మాంసం వైపు కూడా అదే నవ్వు నవ్వుతోంది.

"తినదేమే?" అంది ఒక ముసలమ్మ.

"మొహమాటం కాబోలు. పట్నం మనిషి కదా" అంది ఇంకొకామె.

కుక్క ఒకటి ఆ మొహమాటం తీర్చేసింది.

ఎర్మెక్ కుడిపక్కన కూర్చుని ఫోనుతో అన్నీ ఫొటోలు తీస్తున్నాడు. తాబిల్దీ లేచి విజ్ఞానం గురించి మాట్లాడాడు. మాంసం చల్లారిపోతోందని ఎవరో అరిస్తే కూర్చున్నాడు. ఎసెన్‌కుల్ గొంతు సవరించుకుని, "మా ఊరి పిల్లలకి ఇక ఈ తల్లే గురువు. ముందు మా మనవడి తాడు, తరవాత పెద్దల మాట" అన్నాడు. సాయ్రకాన్ ఎక్కడుందో వెతికినట్టు అందరూ ఒకసారి చూసి, కనిపించగానే చూపులు తిప్పుకున్నారు. ఆవిడ పొయ్యిల దగ్గర ఆడవాళ్ళ వెనక, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చిటికెనవేలు కూడా కదపనని ఇంట్లోనే ఒట్టు పెట్టుకుని వచ్చింది.

కోడలు జాజ్‌గుల్ బెక్తూర్‌ని తెచ్చి కంబళి మీద నిలబెట్టింది. బొద్దుగా, కాళ్ళకి తాడుతో, చలికి ఎర్రబడ్డ బుగ్గలతో ఉన్నాడు. పిల్లలు కొండవాలు నుంచి అరుస్తూ పరిగెత్తుకొచ్చారు. గెలిచిన పిల్ల కత్తి తెచ్చి ఇస్తే, ఎసెన్‌కుల్ దాన్ని ముందు చక్రం దగ్గర తీగతో కట్టాడు. ఇద్దరు మొగవాళ్ళు వెనకనుంచి మరని తోశారు. కంబళి ముడతలు పడింది. చక్రం తాడు మీదికెక్కింది. కత్తి కోసిందో, చక్రం తెంపిందో దేవుడికి తెలియాలి, తాడైతే తెగింది. ఆ లాగుడుకి బెక్తూర్ వెనక్కి చతికిలబడ్డాడు.

"కోసింది! కోసింది!" అని మొగవాళ్ళు టోపీలు ఎగరేశారు.

అప్పుడే జనరేటర్ ఒక్కసారి గట్టిగా దగ్గి ఊపిరి వదిలేసింది. తెరక్క "ఎంత బాగా ప్ర..." అంటూనే ఆగిపోయింది. లోపల ఏదో కొనఊపిరి ఉన్నట్టు బొమ్మ మాత్రం తెర మీద నిలిచిపోయింది. నోరు సగం తెరుచుకుని, ఒక కన్ను మూతపడి, చెయ్యి గాలిలో.

అందరూ తెర వైపు చూశారు. తరవాత బిడ్డ వైపు చూశారు.

బెక్తూర్ నోరు సగం తెరుచుకుని కూర్చున్నాడు. చెయ్యి గాలిలో ఉంది. కళ్ళు ఆర్పడం లేదు. కాలు కదలడం లేదు.

బురుల్ గొంతు కొండకి కొట్టుకుని తిరిగొచ్చింది. "అయ్యో నా తండ్రీ! పట్టేసింది! దాని గుణం పట్టేసింది నా మనవడికి! ఒరేయ్, చూడండర్రా, అచ్చం దాని మొహమే!"

"అబ్బే, భయపడ్డాడే..." అన్నాడు ఎసెన్‌కుల్.

"నోర్ముయ్! నెమ్మదైన మనిషి కావాలన్నావుగా, ఇంతకన్నా నెమ్మదిగా ఎవడుంటాడు? కరెంటు పోయినప్పుడల్లా వీడిలా కూచుంటే పిల్లని ఎవరిస్తారు?"

"బురుల్, దానికి పెట్రోలు పోస్తే..."

"వాడికీ పోస్తావా పెట్రోలు?"

ఆడవాళ్ళందరూ చుట్టుముట్టారు. ఒకామె కళ్ళల్లోకి ఊదింది. ఒకామె ఎడమచెవి లాగింది. ఎర్మెక్, "ఇది శాస్త్రీయంగా..." అని మొదలుపెడితే, చేతిలో నూనె గరిటె ఉన్న మనిషి అతనివైపు తిరిగింది. అతను శాస్త్రం మానుకున్నాడు.

సాయ్రకాన్ వచ్చి బిడ్డ ముందు వంగింది. దారి దానంతటదే ఏర్పడింది. బడి మొదటిరోజున తల్లి చెయ్యి వదిలిన పిల్లలు ఇలాగే బిగుసుకుపోతారు. ఇంకో రెండు ఊపిరులు తీస్తే ఏడుపు బయటికి వస్తుంది, దానితో పాటు కాళ్ళూ కదులుతాయి. ఆవిడకి ఇది పట్టపగల్లా తెలుసు. ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నిజం చెప్పండని జీవితమంతా పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి, ఆ ముక్క నాలిక కింద దాచుకుని, గంభీరంగా తల అడ్డంగా ఆడించింది.

"ఊఁ. ఆలస్యం చేస్తే కష్టమే."

బురుల్ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. "అక్కా, నీకు పుణ్యముంటుంది. మళ్ళీ కట్టి నువ్వు కొయ్యి. ఒకసారి తెగిన తాడు మళ్ళీ కోయొచ్చా?"

"కోతకి మనిషి చెయ్యి ఉండాలి. చక్రం తొక్కితే అది కోతెలా అవుతుంది? బండి కింద పడ్డట్టు లెక్క. కట్టండి మళ్ళీ." అలాంటి నియమం ఎక్కడా లేదు. ఆవిడ అప్పటికప్పుడు పుట్టించింది. భాగహారం అంత ధైర్యంగా ఎప్పుడూ చేయలేదు.

జాజ్‌గుల్ తాడు మళ్ళీ ముడి వేసింది. ఎసెన్‌కుల్ కత్తి ఊడదీసి అందించాడు. సాయ్రకాన్ అందుకోలేదు.

"నేనెవర్ని కోయడానికి? విశ్రాంతిలో ఉన్నదాన్ని. మీ గురువుగారు అక్కడ నిలబడి ఉన్నారుగా, శాలువా కప్పుకుని."

"టీచరక్కా, ఇప్పుడా ఇవన్నీ!"

"ఎప్పుడు మరి? చెయ్యి కిందికి దించరా. వెనక్కి పెట్టు."

నెరిసిన గడ్డం ఆసామి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వాడితో పాటు తాబిల్దీ కూడా పెట్టుకున్నాడు. అతన్నెవరూ అడగలేదు.

"పెద్దల మాట ఏదో చెబుతానన్నావు కదా. ఈ ఆఫీసు బాబుకి చెప్పు. గట్టిగా. వెనక ఉన్నవాళ్ళకి వినపడాలి."

ఎసెన్‌కుల్ ఎర్మెక్ వైపు తిరిగి, పాఠం ఒప్పజెప్పినట్టు కళ్ళు పైకెత్తి అన్నాడు. "టీచరక్క బడిలోనే ఉంటుంది. ఆవిడకి ఓపిక ఉన్నన్నాళ్ళూ. మర కావాలంటే పక్కన ఉండొచ్చు." వెనకనుంచి బురుల్ "మర అక్కర్లేదు!" అంది. "పక్కన ఉండనీ, తుడవడం ఇంకెవరైనా చేస్తారు" అంది సాయ్రకాన్. పెద్దలందరూ తలలూపారు. మాంసం నిజంగానే చల్లారిపోతోంది.

అప్పుడు కత్తి అందుకుని ఒక్క వేటులో తాడు కోసింది. కోస్తూ బిడ్డ తొడ మీద ఎవరూ చూడకుండా చిన్నగా గిల్లింది. బెక్తూర్ లోపల ఆగి ఉన్న ఏడుపంతా బయటికొచ్చింది. లేచి, రెండడుగులు వేసి, నిలబడి, తాతవైపు వేలు చూపించి ఏవో తనకే తెలిసిన మాటలతో గుక్క తిప్పుకోకుండా కేకలు పెట్టాడు.

"వచ్చేసింది తల్లీ, వచ్చేసింది!" అని బురుల్ చప్పట్లు కొట్టింది. "అచ్చం టీచరక్కే!" జనం పడీపడీ నవ్వారు. ఎసెన్‌కుల్ మాత్రం నవ్వలేదు. ఇంట్లో ఇక ముందు తన మాట ఎలా చెల్లుతుందో అప్పుడే కనిపించినట్టుంది.

ఎర్మెక్ లారీ చాటుకి వెళ్ళి పైవాళ్ళకి ఫోను చేశాడు. సాయ్రకాన్ ఎవరి మాటలూ వినడానికి వెళ్ళదు, మాటలే ఆవిడున్న వైపుకి వస్తాయి. "లేదండీ, ఊరు ఒప్పుకోవడం లేదు... కారణమా? కారణం..." కుర్రాడు బూటు లారీ చక్రానికేసి రాశాడు. "చలండీ. ఇక్కడి చలికి మర ఆగిపోతోందండీ."

అంతే. ఇటు ఊరు ఆవిడని భయపడి ఉంచింది, అటు ఆఫీసు చలి వల్ల ఉంచింది. సాయ్రకాన్‌కి గెలిచిన సంతోషం సగమే దక్కింది. ఎసెన్‌కుల్ పళ్ళెం తెచ్చి ఆవిడ ముందు పెట్టి, మంచి ముక్క ఏరి కోస్తున్నాడు.

"ఒరేయ్. ఇందాకటి నుంచి చూస్తున్నా. మీ తాళ్ళ గురించి మాట్లాడారు, మీ మర గురించి మాట్లాడారు. ఇన్నేళ్ళు ఈ ఊరికి చదువు చెప్పాను, బాగా చెప్పానని ఒక్కడికీ నోరు రాలేదేం?"

ఎసెన్‌కుల్ కత్తి ఆపాడు. టోపీ కింద గోక్కున్నాడు. "నిజం చెప్పమంటారా?"

"చెప్పు."

"ఎక్కాలు తెరక్కకే బాగా వచ్చు టీచరక్కా. మీ దగ్గర నాకు ఏడో ఎక్కం దాటలేదు."

సాయ్రకాన్ వాడి మొహంలోకి చూసింది. ఆ మధ్యాహ్నం ఆ మైదానంలో ఎవరూ ఒక్క నిజం చెప్పలేదు, తాను మొదలుకొని. చెప్పినవాడు వీడొక్కడే. అదీ తన మొహంమీదే, భయపడుతూనే.

"తెరక్క మొహంమీద అనగలవా ఆ మాట, దానికి లెక్కలు రావని?"

"అంటే మాత్రం? నవ్వుతుంది."

"నేనేం చేస్తానో తెలుసా?"

"తెలుసు" అన్నాడు ఎసెన్‌కుల్, చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటూ.

సాయ్రకాన్ ఆ చెయ్యి పక్కకి నెట్టి, చెవిని మాత్రం వదిలేసింది. "సోమవారం బడి అయ్యాక రా. ఎనిమిదో ఎక్కం మొదలుపెడదాం. మాంసం కొయ్యి, ఆకలేస్తోంది."